తెల్లమొహం దొంగ

"దొంగవెధవ రోజూ వచ్చి నా వరండాలో నిలబడుతుంటే, నువ్వు బిగించిన కెమెరా వాడి మొహానికి సున్నం కొట్టి చూపిస్తోందయ్యా" అంటూ ఇంటాయన కెమెరా మెకానిక్ మీద విరుచుకుపడ్డాడు.

మెకానిక్ ఇంకా చెప్పులైనా విప్పలేదు. ఆయన ఫోను తెచ్చి అతని ముక్కు దగ్గర పెట్టాడు. చీకటి వరండా. తెల్లబట్ట కప్పుకున్న ఆకారం ఒకటి కెమెరా దగ్గరకంటా వచ్చి తలెత్తింది. మొహం ఉండాల్సిన చోట తెల్లటి మరక. కాసేపు అలాగే నిలబడి పక్కకి తప్పుకుంది.

వంటింటి గుమ్మంలో నిలబడి ఆయన భార్య అంతా వింటోంది. ఆ దొంగ ఆవిడే.

మొగుణ్ణి వదిలేసి వచ్చిన కూతుర్ని ఆయన ఇంట్లో ఉండనివ్వలేదు. నాకు కూతురే లేదు పొమ్మన్నాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఆయన జేబులోనే. వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల తల్లి చెవిలో ఒక్క మాట చెప్పింది: "నేను కొన్న కెమెరానే కదమ్మా, నా ఫోన్లోనూ కనిపిస్తుంది. పడుకోబోయే ముందు దాని ముందుకొచ్చి ఒక్క నిమిషం నిలబడు. నీ మొహం చూసుకుని పడుకుంటా."

అప్పట్నుంచీ ఆయన గురక మొదలవగానే ఆవిడ శాలువా కప్పుకుని, ఎదురింటివాళ్ల కంట పడకుండా వరండా లైటు ఆర్పి, వెళ్లి నిలబడేది. కెమెరాకి చెవుల్లేవు కాబట్టి చెప్పాల్సిందంతా కళ్లతోనే చెప్పుకునేది. ఏడుపొచ్చిన రోజున మాత్రం మొహం కడుక్కుని మరీ వెళ్లేది.

"ఎవడో పిచ్చివాడయ్యుంటాడు లెండి" అంది ఆవిడ. "ఇంట్లోంచి చెంచా కూడా పోలేదుగా. కొత్త కెమెరా వద్దు, పాడూ వద్దు."

"నువ్వూరుకోవే. ఇవాళ చెంచా వదిలేశాడు, రేపు నిన్నెత్తుకుపోతాడు."

"ఎత్తుకుపోయినా తెల్లారేసరికి తెచ్చి దింపేస్తాడు. మీకా భయం అక్కర్లేదు."

మెకానిక్ నవ్వాపుకుని సంచీలోంచి కొత్త కెమెరా తీశాడు. "పాతదాని తప్పేం లేదు సార్. చీకటి పడగానే అది మన కంటికి కనపడని వెలుగు ఒకటి వేసుకుంటుంది. గేటు దాకా కనపడాలి కాబట్టి గట్టిగానే వేస్తుంది. మనిషి దాని మొహంలో మొహం పెడితే ఆ వెలుగంతా మీద పడి కన్నూ ముక్కూ ఏకమైపోతాయి. ఈ కొత్తరకం అలా కాదు. మనిషి దగ్గరికొచ్చే కొద్దీ వెలుగు తనే తగ్గించుకుంటుంది. దూరం జరిగితే మళ్లీ పెంచుకుంటుంది."

"మరి ఆ తెల్లబట్టలేంటయ్యా? దెయ్యమా ఏంటి?"

"చీకట్లో వీటికి రంగులు తెలీవు సార్. నల్ల శాలువా కూడా ఒక్కోసారి తెల్లగా పడుతుంది."

కుర్చీ మీదున్న నల్ల శాలువాని ఆవిడ మెల్లగా వీపు వెనక్కి లాక్కుంది.

మెకానిక్ హాల్లో కర్టెన్లన్నీ మూసి, చీకటి చేసి, రెండు కెమెరాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. "అమ్మా, మీరొకసారి ఇటొచ్చి దగ్గరగా నిలబడండి."

తప్పక నిలబడింది. అతను ఫోను తిప్పి చూపించాడు. పాతదాంట్లో మెడ పైన తెల్లటి మరక. కొత్తదాంట్లో కంటి కింద ముడతలూ, చెంప మీద పుట్టుమచ్చా, అన్నీ ఉన్నాయి.

ఆవిడ ఫోను మీదికి వంగింది. "పాతదాంట్లో... ఎవరు ఏ ఊళ్లోంచి చూసినా ఇంతేనా బాబూ?"

"ఇంతేనమ్మా. వరండా లైటు వెలుగుతుంటే రంగుల్లో శుభ్రంగా పడేది. దొంగ గడుసువాడు, ముందు దాన్ని ఆర్పేస్తున్నాడు."

ఆవిడ అలాగే కుర్చీలో కూలబడింది. ఆ లైటు తన చేత్తో తనే ఆర్పుకుంది. ఇన్నాళ్లూ నవ్విన నవ్వులూ, కళ్లతో అడిగిన కుశలాలూ అన్నీ గంగపాలు. అమ్మ మొహం కోసం కాచుక్కూచున్న పిల్లకి దక్కింది ఓ తెల్లటి మరక. పిచ్చితల్లి, రోజూ ఆ మరకనే చూసుకుని పడుకుంటోందేమో.

కొంగుతో కళ్లు తుడుచుకుని లేచింది. "కొత్తదే పెట్టు బాబూ."

"ఇందాక వద్దన్నావుగా?" అన్నాడు ఆయన.

"మొహం కనపడాలిగా మరి."

ఆయన చూస్తే చూడనీ. అరిస్తే అరవనీ. ఇవాళ లైటు వేసుకునే నిలబడుతుంది. దొంగ నేనేనని మొహమ్మీదే చెప్పేస్తుంది. ఆవిడకి ఒక్కసారిగా ఎక్కడలేని ఓపిక వచ్చింది. మెకానిక్ వరండాలో నిచ్చెన వేసుకుని మేకులు కొడుతుంటే, అద్దం ముందు నిలబడి చిక్కు తీసుకుని జడ వేసుకుంది. పిల్లకిష్టమైన పచ్చచీర బయటికి తీసింది. మంచినీళ్ల గ్లాసు పట్టుకుని తనే వరండాలోకి వచ్చింది.

మెకానిక్ నిచ్చెన దిగి, గ్లాసందుకుని, రెండో చేత్తో ఆయన ఫోను నొక్కుతూ అడిగాడు.

"అమ్మాయిగారు వెళ్లిపోయిన రోజే పాతది ఆవిడ ఫోన్లో కనపడకుండా తీసేయించారు కదా సార్, ఇది కూడా మీ ఒక్కరి ఫోన్లోనేనా?"