యంత్రానికి సెలవిచ్చిన రోజు

ఆయుధపూజ నాడు పొద్దున్నే మామయ్యగారు కోడ్ రాసే యంత్రానికి పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూలదండ చుట్టి, రేపటిదాకా దాన్నెవరూ ముట్టుకోవద్దని చెప్పేశారు. కోడలు నీలవేణికి నవ్వొచ్చింది. పేరుకి తను డెవలపరే గానీ, అది రాసినదానికల్లా "సరే" అనడం తప్ప, సొంతంగా ఒక్క లైను రాసి ఏళ్లయింది.

ఇంతలో కింది ఫ్లాటు కాంతంగారు తడిసిన కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వచ్చారు.

"మెట్ల మీంచి నీళ్లు కాలవలా పారుతున్నాయమ్మా! ఇంకాసేపైతే మీటర్ల గదిలోకి పోతాయి. ఆ మోటారుకి ప్రోగ్రాం పెట్టించింది నువ్వే కదా, ఎందుకు ఆగట్లేదు?"

చేత్తో ఆపుదామంటే, మోటారుకి స్విచ్ పీకేసి చాలా కాలమైంది. నీలవేణి పరుగున డాబా ఎక్కితే, జోరువానలో ట్యాంకు పొంగి పొర్లుతోంది. కిందికొచ్చి, పూజకి నోచుకోని పాత లాప్‌టాప్‌లో యంత్రం రాసిన ఆ ప్రోగ్రాం తెరిచి మొదటిసారి చదివింది. ఏటా ఈ రోజు అందరూ బళ్లు కడుగుతారు కాబట్టి సాయంత్రందాకా నీళ్లు తోడమని ఉందందులో. ఇంత వానలో బళ్లెవరు కడుగుతారు? ఎంత తెలివి, ఎంత అమాయకత్వం! ముచ్చటేసింది కూడా. తడబడుతూ, చెరిపి మళ్లీ రాస్తూ, చివరికి ఒక్క లైను చేర్చింది: ట్యాంకు నిండితే ఆగు.

మోటారు ఆగింది.

మర్నాడు దండ తీయగానే యంత్రం అడిగింది. "ఈ లైను నేను రాసింది కాదు. ఏ డేటా చూసి రాశారు?"

"డేటా ఏం లేదు," అంది నీలవేణి. "డాబా ఎక్కి చూశాను."