గుడియాత్తం గొంతు

ఆ పొద్దున ఎనిమిదో చేప కూడా కనిపించలేదు.

దినకర్ అద్దానికి మొహం ఆనించి తొట్టెంతా వెతికాడు. చచ్చి తేలలేదు. ఎగిరి కింద పడలేదు. రాళ్ల సందుల్లో ముల్లయినా మిగల్లేదు.

వేలూరులో ఒక హోటలు ముందు హాల్లో ఉన్న ఉప్పునీటి తొట్టె అది. దినకర్ రోజూ తొరపాడి నుంచి వచ్చి దాని బాగోగులు చూస్తాడు.

మేనేజరు పార్థిబన్ అతన్ని కూర్చోబెట్టి కెమెరా రికార్డు చూపించాడు. రాత్రంతా హాలు చీకటి. వెలుతురున్నంతసేపూ తొట్టెలో పడిన చెయ్యి ఒక్కటే, దినకర్‌ది.

"నిన్ను దొంగ అన్లేదప్పా. చేప యాడికి పోయిందో నువ్వే చెప్పు."



మానేసి పోదామంటే తప్పు ఒప్పుకున్నట్టే. ఊళ్లో ఇంకే తొట్టెలోనూ అతన్ని చెయ్యి పెట్టనివ్వరు. ఉందామంటే, రోజూ తెల్లారేసరికి ఏ చేప మాయమవుతుందోనని భయం.

రాళ్ల మీదే అతనికి అనుమానం. అవి సముద్రపు రాళ్లు. వాటి బొక్కల్లో పీతలూ పురుగులూ పిలవకుండానే వచ్చి కాపురం పెడతాయి. ఏది మంచిదో ఏది చెడ్డదో చూడగానే చెప్పడం ఎవరి తరమూ కాదు.

చేపలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకటి దినకర్ నడుపుతున్నాడు. అందులో రాయి ఫోటో పెట్టి తన కష్టం చెప్పుకున్నాడు.

నిమిషంలో పాల్‌రాజ్ పలికాడు.

పాల్‌రాజ్‌ది వేలూరు దగ్గరి గుడియాత్తం అని తప్ప ఎవరికీ ఏమీ తెలియదు. అతను అక్షరం రాయడు, గొంతు రికార్డు చేసి పంపుతాడు. ఎవరు ఏ ఫోటో పెట్టినా, ఇది మంచి పురుగు ఉండనీ, అది చెడ్డ పీత తీసెయ్ అని చెప్పేస్తాడు. తూత్తుకుడి దగ్గర సముద్రంలో శంఖాల కోసం మునిగే మనిషయి ఉంటాడని కొందరనుకునేవారు.

"ఇంకొక ఫోటో పంపు నాయనా, పక్కనించి."

దినకర్ పంపాడు. పాల్‌రాజ్ వెనకనుంచి ఒకటి అడిగాడు. తర్వాత వీడియో అడిగాడు. మర్నాడు తొట్టె మొత్తం చూపించమన్నాడు. నాలుగు రోజులు ఇదే వరస.

ఐదో రోజు తొమ్మిదో చేప పోయింది.

ఆ రోజే గ్రూపులో ఒకతను దినకర్‌కి ఫోన్ చేశాడు. ఆ పాల్‌రాజ్‌కి గుడియాత్తంలో చేపల అంగడి ఉన్నట్టుందనీ, ఎవరి తొట్టెలో ఏముందో కనుక్కుని వాళ్ల గిరాకీని లాక్కుంటాడనీ చెప్పాడు.

దినకర్ నమ్మాడు. ఎవరి మీదా చూపించలేని కోపం అప్పటికే లోపల ఉంది.

అప్పుడే పాల్‌రాజ్ నుంచి మూడు నిమిషాల గొంతు వచ్చింది. దినకర్ వినలేదు. అతన్ని గ్రూపులోంచి తీసేశాడు.

ఆ తర్వాత మూడు వారాలు దినకర్ తొట్టెలో చెయ్యి పెట్టినప్పుడల్లా వెనక ఒక వాచ్‌మన్ నిలబడ్డాడు. ఇంట్లో అన్నం వడ్డిస్తూ భార్య జ్యోతిక మెల్లగా అడిగింది.

"నిజంగా నువ్వు తియ్యలేదు గదా?"

అతను చెయ్యి కడుక్కుని లేచాడు.

ఒక మధ్యాహ్నం పాత ఫోటో కోసం గ్రూపులో వెనక్కి వెళ్తుంటే ఆ మూడు నిమిషాల గొంతు కనిపించింది. ఊరికే నొక్కాడు.

"మూడో ఫోటోలో ఎడంపక్క బొక్క చూడు. అయిదు మీసాలుండాయి. అది పురుగు నాయనా, మూరకి పైనే ఉంటాది. లైట్లు ఆరినాకే బయటికొచ్చి చేపల్ని బొక్కలోకి లాక్కుంటాది. చెయ్యి పెట్టొద్దు, కొరికేస్తాది. ఆ రాయి ఒక్కటే బకెట్లోకి తీసి, బొక్కలో సోడా పొయ్యి. ఊపిరాడక అదే వస్తాది. నీ మీద మాట పడిందంటివి గదా, నలుగురి ముందర చెయ్యి."

దినకర్ పార్థిబన్‌ని పిలిచాడు. వంటవాళ్లూ వచ్చి చుట్టూ చేరారు.

మొదటి సీసాకి ఏమీ కాలేదు.

రెండో సీసాకి బొక్కలోంచి ఊదారంగులో ఏదో మెరిసింది. జారింది. జారుతూనే ఉంది. బకెట్ అడుగున రెండు చుట్లు చుట్టుకుని ఆగింది.

పార్థిబన్ వంగి దాన్ని చూశాడు. తర్వాత దినకర్ భుజం మీద చెయ్యి వేసి, లోపలికి వెళ్లాడు.

ఆ సాయంత్రం సంగతి విని జ్యోతిక కళ్లు తుడుచుకుంది. దినకర్ పాల్‌రాజ్‌కి ఫోన్ చేశాడు. స్విచాఫ్.

ఆదివారం కే.వి.కుప్పం మీదుగా బస్సులో గుడియాత్తం వెళ్లాడు. ఆ పేరుతో అక్కడ చేపల అంగడే లేదు. ఫోన్లకు రీచార్జి చేసే అతను నంబరు చూసి ఒక సందు చూపించాడు.

సందు చివర గదిలో ఒక ముసలామె బీడీలు చుడుతోంది. పేరు కన్నియమ్మ, పాల్‌రాజ్ తల్లి. వాట్సాప్ స్నేహితుణ్ణనీ, పాల్‌రాజ్‌ని చూడాలనీ చెప్పాడు దినకర్.

"జొరమొచ్చి పోయినాడు నాయనా. పది దినాలాయె."

దినకర్ గడప మీదే కూర్చుండిపోయాడు.

ఆమె ఇంకో ఆకు చుట్టింది. "ఫోను చెడిపోయిందేమో చూడమ్మా, ఎవురూ ఏమీ పంపడంలేదు అని కడదాకా అడుగుతానే ఉండె."

గ్రూపులోంచి తీసేసింది తనేనని అతను చెప్పలేకపోయాడు. చివరికి, పాల్‌రాజ్ ఏ ఊరి సముద్రంలో పనిచేశాడని మాత్రం అడగ్గలిగాడు.

కన్నియమ్మ చేతులు ఆగిపోయాయి.

"సముద్రమా? తొమ్మిదో ఏట మిద్దె మీదనించి పడి నడుము పోయినాక, ముప్పై ఏండ్లూ వాడు ఈ రూము దాటి వీధి గూడా చూడలేదు నాయనా."