మూడొందల స్పీడు

“ఈ యాభై స్పీడు నీ నెత్తిన కొట్టుకో! నాలుగు మాటలు మాట్లాడేసరికి గుటుక్కుమంటోంది!” డ్రైవింగ్ మాస్టారు నెట్ మెకానిక్ మీద విరుచుకుపడ్డాడు. పొద్దస్తమానం కారులో పక్క సీట్లోంచి అరిచి అరిచి, మామూలుగా మాట్లాడటమే మరిచిపోయిన గొంతు ఆయనది.

మెకానిక్ వంగి, కుట్టుమిషన్ కింద మిణుకుమంటున్న రౌటర్‌ను మరోసారి చూశాడు.

“వాయిస్ కాల్‌కి ఒక్క ఎంబీ కూడా అక్కర్లేదు సార్. లైన్లో ఏ తప్పూ లేదు.”

“లేకపోతే ప్రతి ఆదివారం ఎందుకు తెగుతోందయ్యా? పోనీ తెగింది తెగినట్టుంటుందా? మీ కంపెనీని తిట్టి తిట్టి నేను చల్లబడేసరికి అదే వచ్చేస్తుంది! వేళాకోళమా?”

తొక్కుడు మిషన్ మీద దిండు గలీబు కుడుతున్న భార్య తలెత్తకుండానే అంది. “ఉన్న స్పీడు చాలదేమోలెండి. పెద్దది తీసుకోండి.”

మాస్టారి మంటకు కారణం ఉంది. రెండేళ్ల కిందట తమ్ముడు ఆయన కారును గోడకు గుద్దాడు. నలుగురిలో అన్నయ్య తిట్టిన తిట్లు పడలేక ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. వదిన బతిమాలగా బతిమాలగా ఇప్పుడిప్పుడే వారానికోసారి ఫోన్ చేస్తున్నాడు. “అన్నయ్య మళ్లీ ఆ కారు మాటెత్తితే మాత్రం అదే ఆఖరి ఫోను” అని ముందే తెగేసి చెప్పాడు. ఆ సంగతి మాస్టారికీ తెలుసు. నోరే మాట వినదు. పైగా ఇంట్లో సెల్ సిగ్నల్ రాదు, ఉన్నదల్లా ఈ నెట్టే.

“మధ్యలో తెగితే, కోపమొచ్చి నేనే పెట్టేశాననుకుంటాడు వాడు. మళ్లీ దూరమైతే నా తమ్ముణ్ని నువ్వు తెచ్చిస్తావా?” అన్నాడు మాస్టారు.

మెకానిక్ మూడొందల స్పీడు పెట్టి వెళ్లాడు.

ఆదివారం తమ్ముడి గొంతు పక్కగదిలోంచి వచ్చినంత స్పష్టంగా వినబడింది.

“బాగున్నావా అన్నయ్యా?”

“ఆఁ. తిన్నావురా?”

“తిన్నా. కొత్త ఉద్యోగంలో వ్యాను ఇచ్చారు. నేనే నడుపుతున్నా.”

మాస్టారి కనుబొమలు ముడిపడ్డాయి. మిషన్ చప్పుడు ఆగింది.

“వ్యానా? నీ చేతికా? ఒరేయ్, ఆ రోజు నా కా...”

ఫోన్ మూగబోయింది.

“మూడొందల స్పీడు తగలెయ్య!” మాస్టారు ఫోన్‌ను సోఫాలోకి విసిరేసి, కంపెనీవాళ్లను దుమ్మెత్తిపోస్తూ వరండాలోకి నడిచాడు.

భార్య మిషన్ కింద, రౌటర్ స్విచ్ మీంచి కాలి బొటనవేలు తీసింది.