ఏడాది బుగ్గలు

మోసానికి కావలసిన సరంజామా అంతా బీరువాలో సిద్ధంగా ఉంది. మైసూరు సిల్కు చీర, ఘల్లుమనే మెట్టెలు, చందనం పౌడరు డబ్బా. ఇక మిగిలింది బుగ్గలు.

"పోయినసారి సూదితో ఎక్కించిన ఫిల్లరు ఇంకా కాస్త ఉంది," అంది డాక్టర్ లోహిత, రాజశ్రీ చెంపలు వేళ్ళతో ఒత్తి చూస్తూ. "పైపైన నింపితే చాలు. పెదాల్లో అయితే ఆరు నెలలకే పోతుంది. బుగ్గల్లో తొమ్మిది నెలలు, ఏడాది, కొందరికి ఏడాదిన్నర. మనిషిని బట్టి."

"నెలకే కరిగిపొయ్యేది లేదా తల్లీ?"

లోహిత నవ్వు ఆపుకోలేకపోయింది. "అందరూ ఎక్కువకాలం ఉండేది కావాలంటారు. తొందరగా పొయ్యేది అడిగింది మీరొక్కరే. కరిగించే సూది ఉందనుకోండి. కానీ ఏటా నింపి, ఏటా కరిగించమంటే నా వల్ల కాదు. యాభై నాలుగేళ్ళ చర్మం, దానికీ ఒక మర్యాద ఉంటుంది కదా!"

"జాతరకు పదహైదు దినాలుండాది. వాపు తగ్గుతుందా?"

"తగ్గుతుంది. అంతవరకు ఎవర్నీ బుగ్గ గిల్లనీకండి."

"గిల్లేది ఆ పొద్దే లేమ్మా," అంది రాజశ్రీ.

గిల్లేది ఆమె తల్లి గురవమ్మ. ఎనభై నాలుగేళ్ళు, గుండెలో స్టెంటు, కళ్ళకు మసక. మనుషుల్ని చేత్తోనే చూస్తుంది. పెద్దకూతురు పంకజాక్షివి బూరె బుగ్గలు. చిన్నకూతురు రాజశ్రీవి లోతు చెంపలు. గొంతులు మాత్రం ఇద్దరివీ ఒకటే.

బెంగుళూరులో కాపురముండే పంకజాక్షి ఏటా గంగమ్మ జాతరకు తిరుపతిలో తమ్ముడింటికొచ్చి, తల్లిని చూసిపోయేది. మూడేళ్ళ కిందట తల్లి ఆస్పత్రిలో ఉన్న వారంలోనే, పంకజాక్షి నిద్రలో కన్నుమూసింది. ఇప్పుడు చెబితే తల్లి కూడా దక్కదన్నారు డాక్టర్లు. ఒక్క నెల ఆగి చెబుదామనుకున్నారు. ఆ నెల ఇంకా పూర్తి కాలేదు.

మొదటి జాతరకే గురవమ్మ "పెద్దది ఎప్పుడొస్తుంది?" అని అడిగింది. తమ్ముడి భార్య కోమలి ఫోన్ చేసి ఏడ్చింది. రాజశ్రీ, అక్క ఫోటో పట్టుకుని క్లినిక్ మెట్లెక్కింది.

అక్క వేషంలో పోతే మోసం బాగానే పారింది. ఆ తర్వాత గురవమ్మ పెద్దదానికి ఫోన్ కలపమని ఒక్కసారి కూడా అడగలేదు. అంతా గంగమ్మ తల్లి దయ అనుకున్నారు.

చిక్కల్లా వేరే. బుగ్గలు నిండుగా ఉన్నన్నాళ్ళు రాజశ్రీ, రాజశ్రీగా తల్లి దగ్గరికి పోవడానికి లేదు. తడిమితే దొరికిపోతుంది. అందుకని తన ఊరు బంగారుపాళ్యంలోనే కూర్చుని, మోకాళ్ళ నొప్పులని ఫోన్లో సాకులు చెప్పేది. శివరాత్రి దాటాక చెంపలు లోతుకు పోతే, అప్పుడు పరుగెత్తుకొచ్చి రెండు నెలలు సొంత కూతురిగా బతికేది.

ఈ ఏడు శివరాత్రి దాటినా బుగ్గలు దిగలేదు. దొంగసొత్తు అంత తొందరగా అరగదు కాబోలు. ఏడాదంతా తల్లికి సొంత మొహం చూపించలేదు. ఎనభై నాలుగేళ్ళ మనిషితో ఒక ఏడాది పోగొట్టుకోవడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. అలాగని వేషం ఆపేస్తే ఆ గుండె ఆగిపోతుందేమోనని భయం.

జాతర నాడు మెట్టెలు ఘల్లుమనిపిస్తూ వచ్చేసరికి, గడప దగ్గర పక్కింటి వెంకటముని నిలబడి ఉన్నాడు. జాతరలో మగాళ్ళు ఆడవేషం కట్టే మొక్కు తీర్చుకోవడానికి చీర కట్టి, సవరం పెట్టి, మీసం పైన ముక్కుపుడక తగిలించుకున్నాడు. మంచం మీద కూర్చున్న గురవమ్మ, కోమలి చేత అతనికి పసుపు కుంకుమ ఇప్పించి "పోయిరా తల్లీ" అంటోంది.

"అత్తా, ఆయన మన వెంకటముని!" కోమలి పకపకా నవ్వింది.

"నాకు తెలీదా? బీడీ కంపు వీధంతా కొడతా ఉంటే! అయినా వేషం కట్టినోళ్ళని సొంత పేరుతో పిలవకూడదే. ఎవురి వేషం కడితే వాళ్ళతోనే మాట్లాడాల. లేకుంటే మొక్కు చెడిపోతుంది."

రాజశ్రీ వెళ్ళి పక్కన కూర్చుంది. "బాగుండావామ్మా?"

ముసలి చెయ్యి వచ్చి బుగ్గ మీద ఆగింది. ఈసారి గిల్లలేదు. మెల్లగా తడిమింది.

"ఇంకొంచెం ఒళ్ళు చేసినావే. బెంగుళూరు నీళ్ళు బాగా పట్టినట్టుండాయి."

"పట్టినాయమ్మా."

"నొప్పిగా ఉండాదా?"

రాజశ్రీ మొహం కాస్త వెనక్కి జరిపింది. "బుగ్గలకు నొప్పేందమ్మా?"

"ఊరికే అడిగినాలే. చిన్నది రాలేదా?"

"దానికి మోకాళ్ళ నొప్పులంట."

"ఏడాదిగా అదే మోకాళ్ళు! నాకన్నా ముసిల్దైపోయిందే అది." గురవమ్మ కోడలి వైపు తిరిగింది. "కోమలీ, మీ వదినకు మజ్జిగ తీసకరాపో."

కోమలి అడుగుల చప్పుడు వంటింట్లోకి పోయేదాకా ఆగి, గురవమ్మ కూతురి చెయ్యి పట్టి దగ్గరికి లాక్కుంది. దొరికిపోయాననుకుంది రాజశ్రీ. స్టెంటు వేసిన డాక్టరు నంబరు ఫోన్లో ఉందో లేదోనని కంగారుపడింది.

తల్లి మాత్రం రెండు చేతులతో ఆ నిండు బుగ్గలకు దిష్టి తీసి, పటపటా మెటికలు విరిచింది. దిండు కింద నుంచి పసుపు కుంకుమ పొట్లం తీసి, వెంకటమునికి ఇప్పించినట్టే ఆమె చేతిలో పెట్టింది.

"పోయిరా తల్లీ. నువ్వు కన్నుమూసి మూడేళ్ళాయ, ఇంక నా కోసం రాబాకు పెద్దదానా. ఆ చిన్నదాన్ని పంపియ్యి, దాని లోతు చెంపలు తడిమి ఏడాదైపాయ."