ముత్తమ్మ మెచ్చిన బండి

నేను హెల్మెట్ తీసేలోపే మా అవ్వ ముత్తమ్మ బండికి దండ వేసేసింది.

"అవ్వా, ఇది కొన్న బండి కాదు! నడిపి చూసి ఎట్లుందో వీడియోల చెప్పమని కంపెనీవాళ్లు ఇచ్చిన్రు. రేపు వాపస్ ఇయ్యాలె!"

వింటే కదా! ముంబై కామాటిపుర గల్లీలోకి, మేమంతా ఒక్కో గదిలో ఉండే మా చాల్ ఆడవాళ్లంతా దిగిపోయారు. హెడ్‌లైటుకి పసుపు, ట్యాంకుకి కుంకుమ బొట్టు, చక్రాల కింద నిమ్మకాయలు. ఎవరో తాషా డప్పు కూడా అందుకున్నారు.

నేనేమో వీడియోలో చెప్పాల్సిన తీర్పు పైకే వల్లించుకుంటున్నాను. నిన్న రేసు ట్రాక్ మీద ఈ ఆరువందల సీసీ బండి మలుపుల్లో చేపలా జారింది. గల్లీలో మాత్రం మణికట్లు లాగేస్తున్నాయి, ఇంజన్ సెగకి తొడలు కాలిపోతున్నాయి. ట్రాక్‌కి సరే, రోడ్డుకి వద్దు.

"పూజ చేసినంక మొదలు ఇంటి పెద్దను తిప్పాలె, తెల్వదా?" అంటూ అవ్వ నా రెండో హెల్మెట్ పెట్టుకుని, చీర ఎగదోపి, ఆ పిడికెడు వెనక సీటు ఎక్కేసింది.

ఫోరస్ రోడ్డు పొడవునా నా చెవిలో ఒకటే కేక. "ఇంక జోర్‌గ పోనియ్!"

సిగ్నల్ దగ్గర ఆగి అడిగాను. "వాపస్ ఇచ్చే బండికి పూజేందవ్వా?"

"నాకెరుక లేదా బిడ్డా? ఉత్తగ తిప్పమని అడిగితే ముసలిదానివి, వద్దంటవ్."

"మరి పోయిన వారం తెచ్చిన బండ్లకు చెయ్యలేదేం?"

"వాటి ఇంజన్ ఆవాజ్ నచ్చలే. ఇది రోడ్డుకు గూడ పాసని చెప్పు."