గిన్నె ఇక్కడ, మూత అక్కడ

“గిన్నె ఒక్కటే ఇవ్వండన్నా. మూత మీ తమ్ముడి కొట్లో తీసుకుంటాను” అన్నారు కొత్త పాస్టరుగారు.

గొంతు లేదు, ప్రసంగంలో ఊపు లేదు, పాస్టరు లక్షణం ఒక్కటీ లేదని సంఘంలో ముందుగా పెదవి విరిచింది నేనే. కొనడం కూడా చేతకాదని ఇప్పుడు తేలింది.

“రెండూ ఒకచోటే కొనాలి అయ్యగారూ. లేకపోతే మూత పట్టదు.”

“అయితే మీరే వచ్చి సరిచూడండి.”

“పక్క కొట్టే గానీ, పంపకాలప్పటి నుంచి మాకు మాటల్లేవు.”

“మూత చూడ్డానికి మాటలెందుకన్నా?”

నా గిన్నె మీద వంకర మూత పడితే పోయేది నా పేరు. గిన్నె పట్టుకుని ఆయన వెంట వెళ్లాను. తమ్ముడి బల్ల మీద మూతలు అప్పటికే వరసగా పరిచి ఉన్నాయి. ఒకటి చక్కగా పట్టింది.

“సరిపోయిందా అన్నయ్యా?” అన్నాడు తమ్ముడు, నేల చూస్తూ.

“మూత పలచనరా” అన్నాను. అన్నాక గానీ తెలియలేదు, వాడితో మాట్లాడానని.

వాడు నవ్వి స్టూలు జరిపాడు. “నిన్న నా దగ్గర మూత ఒక్కటే అడిగారు. గిన్నె నీ దగ్గర కొంటారట. మూతలు దించి ఉంచమన్నారు.”

వెనక్కి తిరిగాను. పాస్టరుగారు వట్టి చేతులు ఊపుకుంటూ వీధి మలుపు తిరుగుతున్నారు.

“ఏమీ కొనకుండానే పోయారే” అన్నాడు తమ్ముడు.

“కొన్నార్రా” అన్నాను, స్టూలు మీద కూర్చుంటూ. “మనిద్దర్నీ. పైసా ఖర్చు లేకుండా.”