నలభై ఒకటో రోజు

“రేపొచ్చేటప్పుడు పొద్దున్నే మొదటి ఒంటేలు మేమిచ్చిన చిన్న సీసాలో పట్టుకొని రా అన్నా,” అన్నది ఫోన్లో జెస్సీ. “పొగాకు ఒంట్లో ఇంకా ఉండాదో, పోయిందో తేలిపోతాది.”

“అట్నే మేడం,” అన్నాడు కుప్పుస్వామి. ఫోను పెట్టేసి చాలాసేపు ఆ సీసా వంకే చూస్తూ కూర్చున్నాడు.

జెస్సీ తిరుపతిలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తుంది. బీడీ, సిగరెట్టు మాన్పించే గది ఆమెది. అంతా ఉచితం. మొదటి పది రోజులు నమిలే బిళ్లలు ఇస్తారు. వారానికి రెండుసార్లు వాళ్లే ఫోన్ చేసి మంచీ చెడ్డా కనుక్కుంటారు. కట్టుకున్నది కూడా అంత ఓపిగ్గా అడగదు.

నగరి నుంచి కుప్పుస్వామిని ఆ గదికి లాక్కుపోయింది పెండ్లాం పంకజాక్షి. ఊరికే లాక్కుపోలేదు. మామ మునస్వామి పోవడం దగ్గరుండి చూసిన మనిషి ఆమె. మగ్గం ఆడినంతసేపూ నోట్లో బీడీ ఆరనియ్యని మునస్వామికి యాభై నిండకనే గొంతు పోయింది. కడపటి నెల్లాళ్లు నీళ్లు కావాలన్నా పలక మీద రాసి చూపించేవాడు.

“నాకు ఇంకో పలక కొనే ఓపిక లేదయ్యా,” అన్నది మొగుడితో. “ఒక మండలం. నలభై ఒక్క రోజులు. పరీక్షలో పొగాకు లేదని వస్తే సరి. ఉండాదని వచ్చిందా, లోహితను తీసుకొని పుత్తూరుకు మా అమ్మోళ్లింటికి పోతా. మళ్లీ రాను.”

లోహిత వాళ్లకు ఒక్కతే బిడ్డ. మూడో తరగతి. నాయనంటే ప్రాణం. ఆ బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసినాడు కుప్పుస్వామి.

పక్కింటి రాజారత్నం ఊరుకుంటాడా! “ఏం స్వామీ, మెళ్లో మాల ఒకటే తక్కువ! ఇరుముడి ఎప్పుడు?”

“నువ్వు మూసుకొని నెయ్యప్పా,” అనేవాడు కుప్పుస్వామి.

పంకజాక్షికి రేణిగుంట గోడౌనులో పని. తెల్లారి రైలెక్కితే దీపాలు పెట్టే వేళకు గాని ఇల్లు చేరదు. ఎండాకాలం సెలవలు, లోహిత ఇంట్లోనే. ముందరి గదిలో పవర్‌లూమ్ ఆడుతుంటే ఆ పక్కనే చాప వేసుకొని బొమ్మలు గీసుకునేది. వేడిగాలి తగిలితే నూలు పుటుక్కున తెగిపోతుందని నేతోళ్లు పగలంతా కిటికీలు మూసే పెడతారు. ఆ ఉక్కలో బిడ్డకు పొడిదగ్గు పట్టుకుంది. దూది నుసికిలే అనుకున్నారు. నేతోళ్ల ఇండ్లలో దగ్గని బిడ్డ ఎవరు?

కుప్పుస్వామి మాత్రం మారిపోయినాడు. పెండ్లాం వచ్చే వేళకు స్నానం చేసి, విభూది పెట్టుకొని, ఇల్లంతా సాంబ్రాణి పొగ వేసేవాడు. “బీడీ పోయి భక్తొచ్చిందే!” అని మురిసిపోయేది పంకజాక్షి. అయినా అటక మీది మామ పలక కంటబడితే చాలు, మొహం తిప్పుకునేది.

నలభై ఒకటో రోజు లోహితను రాజారత్నం ఇంట్లో వదిలి, మొగుడూ పెండ్లాం తిరుపతి బస్సెక్కినారు. సీసా కుప్పుస్వామి చొక్కా జేబులో ఉంది. దారి పొడుగునా నవ్వుతానే ఉన్నాడు. మొహంలో భయమన్నదే లేదు.

జెస్సీ ఒక పట్టీ తీసి సీసాలో ముంచి బల్ల మీద పెట్టింది. “రెండు గీతలొస్తే పొగాకు లేనట్టు. ఒకటే వస్తే ఉన్నట్టు. రవ్వంత ఉన్నా ఇది పట్టేస్తాది.”

“కడుపొచ్చిందా లేదా అని చూసేదాని మాదిరే ఉండాదే!” పంకజాక్షి నవ్వింది. “ఏమయ్యా, నీకు ఎన్నో నెల?”

ఒక గీత తేలింది.

చూశారు, చూశారు. రెండోది రాలేదు.

జెస్సీ ఇంకో పట్టీ ముంచింది. మళ్లీ ఒకటే.

“బిడ్డ తల మీద ఒట్టేసినావు గదయ్యా!” పంకజాక్షి మొగుడి చొక్కా పట్టుకొని లాగింది.

కుప్పుస్వామికి మొహం నిండా చెమట. రెప్ప వేయకుండా పట్టీనే చూస్తున్నాడు.

జెస్సీకి జాలేసింది. “ఆగక్కా, తొందరపడొద్దు. తాగినోళ్లకే కాదు, మూసిన ఇంట్లో పక్కనోళ్ల పొగ పీల్చినోళ్లకూ ఇట్లే వస్తాది. మీ ఇంట్లో ఇంకెవరైనా తాగుతారా?”

“ఇంకెవరున్నారమ్మా? మా ఇంట్లో తాగేటోడు ఈయనొక్కడే!”

కుప్పుస్వామి బల్ల మీది సీసాను రెండు చేతులా దగ్గరికి లాక్కున్నాడు.

ఆ సీసాలోది అతనిది కాదు, తెల్లారగానే నిద్ర లేపి లోహిత చేత పట్టించినది.